పాత పంకాను మళ్ళీ తిప్పవచ్చునా?

విద్యుత్తు రాకముందు మన దేశంలోని కచేరీల్లో, బంగళాల్లో పైకప్పుకు గుడ్డ పంకా వేలాడేది. దాని తాడును గంటల తరబడి లాగడానికి ఒక మనిషి ఉండేవాడు. 1880లలో అమెరికాలో షైలర్ వీలర్ బల్ల పంకాను, ఫిలిప్ డీల్ పైకప్పు పంకాను విద్యుత్తుతో తిప్పి చూపారు. 1899 ఏప్రిల్ 17న కలకత్తాలోని ఇమాంబాగ్ వీధిలో విద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. క్రమంగా తాడు లాగే చేతుల స్థానంలోకి మోటారు వచ్చింది.

అయితే ఆనాడు దేశమంతటా ఒకే రకం విద్యుత్తు లేదు. కలకత్తాలో మొదట సరఫరా అయినది ఏకముఖ ప్రవాహం, అంటే డి.సి. నేడు మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల ఏకాంతర ప్రవాహం, అంటే ఎ.సి. అందుచేత పాత పంకా దొరికితే ముందుగా చదవవలసినది దానిపై బిగించిన చిన్న లోహపు పలక. డి.సి. కోసం చేసిన పంకాను ఎ.సి.కి కలిపితే అది సరిగా తిరగక, గుయ్యిమంటూ వేడెక్కవచ్చు. ఎ.సి. ఇండక్షన్ మోటారుకు డి.సి. ఇస్తే అది తిరగదు, తీగచుట్ట మాడిపోతుంది. అమెరికా నుంచి వచ్చిన 110 వోల్టుల పంకాకు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి తగ్గుతుంది గాని, 60 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం రాదు.

రెండవ ప్రశ్న తీగలది. పైనున్న నూలు అల్లిక చక్కగానే కనిపిస్తుంది. లోపలి రబ్బరు మాత్రం ఎండి, పగిలి, పొడిగా రాలిపోతుంది. అప్పుడు రాగితీగ ఇనుప ఒంటికి తగిలితే పంకాను ముట్టుకున్నవారి ప్రాణానికే ముప్పు. పాత పంకాల్లో చాలావాటికి ఎర్త్ తీగ ఉండదు. కాబట్టి స్విచ్ వేసి చూడడం పరీక్ష కాదు. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలవాలి. కొత్త తీగ, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ అమర్చాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అదనపు రక్షణ మాత్రమే, ఎర్త్‌కు బదులు కాదు. వెడల్పు సందుల జాలీలోంచి పిల్లల వేళ్ళు రెక్కలకు తగిలే ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ మార్పులన్నీ చేస్తే మిగిలేది పాత పంకాయేనా? పలకను గీకి మెరుగుపెడితే దాని మీది అక్షరాలు పోతాయి. తీగచుట్టను మార్చితే నాటి పనితనపు సాక్ష్యం పోతుంది. అరుదైన పంకాను శుభ్రం చేసి, తిప్పకుండా భద్రపరచడం కూడా పునరుద్ధరణే. ఒకే రకానివి అనేకం దొరికేటప్పుడు ఒకదాన్ని సురక్షితంగా బాగుచేసి తిప్పవచ్చు. తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాచాలి.

మీ ఇంటి అటకమీద అలాంటి పంకా ఉంటే ప్లగ్గు జోలికి వెళ్ళకండి. ముందు పలకమీది అంకెలను నోటుపుస్తకంలో రాసుకొని, అది ఏ ఊరినుంచి వచ్చిందో పెద్దలను అడగండి.