ఆల్టర్నేటర్, ఛార్జింగ్ వోల్టేజి పరీక్ష

కారు ఇంజన్ నడిచేటప్పుడు బెల్ట్ సాయంతో తిరిగి విద్యుత్తు పుట్టించే యంత్రం ఆల్టర్నేటర్. అందులో పుట్టిన ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి. వోల్టేజి హద్దు దాటకుండా రెగ్యులేటర్ చూసుకుంటుంది.

పరీక్ష మొదలుపెట్టడానికి మల్టీమీటర్ చాలు. కొన్ని గంటలు ఆగివున్న కారులో, నిండా ఛార్జి ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ దాదాపు 12.6 చూపుతుంది. ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా 13.8 నుంచి 14.5 వరకు ఉంటుంది. హెడ్‌లైట్లు వేయగానే 13 కంటే కిందికి పడిపోతే వదులైన బెల్ట్‌నో, అరిగిన బ్రష్‌లనో, చెడిన డయోడ్లనో అనుమానించాలి. 15 దాటితే రెగ్యులేటర్ పాడైనట్టే, బ్యాటరీలో నీరు త్వరగా ఇంకిపోతుంది.

ఆల్టర్నేటర్ మార్చేముందు వైర్లు చూడటం తప్పనిసరి. ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 13.5 ఉంటే 0.8 వోల్టు దారిలోనే పోతోంది. తుప్పుపట్టిన టెర్మినళ్లు, వదులైన ఎర్త్ వైరు దీనికి సాధారణ కారణాలు.

నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ వైరు ఊడదీసి చూసే పాత పద్ధతి చాలా ప్రమాదకరం. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరైన ఈసీయూను కాల్చేయగలదు. ఇంధనం ఆదా కోసం ఈసీయూయే ఛార్జింగ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఉండే కొత్త కార్లలో కాసేపు 12.8 కనిపించినా అది లోపం కాకపోవచ్చు.