చిగుళ్ల ఫైబ్రోబ్లాస్టులు

చిగుళ్ల ఫైబ్రోబ్లాస్టులు చిగుళ్ల సంధాయక కణజాలంలో అత్యధిక సంఖ్యలో ఉండే కణాలు. కొలాజెన్ పోగులను తయారుచేయడం, పాతబడిన వాటిని తొలగించడం వీటి ప్రధాన విధి. చిగురు పంటిని బిగువుగా అంటిపెట్టుకుని ఉండేది ఈ పోగుల వల్లే.

పంటి పాచిలోని పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటి బ్యాక్టీరియా పైపొరలో ఉండే లైపోపాలీశాకరైడును ఫైబ్రోబ్లాస్టులు టోల్ తరహా గ్రాహకాలతో గుర్తించి, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8, ప్రోస్టాగ్లాండిన్ ఈ2లను స్రవిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-8 రక్తంలోని న్యూట్రోఫిల్ కణాలను అక్కడికి రప్పిస్తుంది. ఇది మొదట రక్షణ చర్యే. పాచి అలాగే నిలిచిపోతే ఫైబ్రోబ్లాస్టులు మెటలోప్రోటీనేజ్ ఎంజైములను విడుదల చేసి, తాము అల్లిన కొలాజెన్‌నే ఛేదిస్తాయి. 1976లో పేజ్, ష్రోడర్ అనే పరిశోధకులు వర్ణించిన ‘తొలి దశ’ పాచి చేరిన 4–7 రోజులకు మొదలవుతుంది. వాపు కణాలు నిండిన చోట కొలాజెన్ నష్టం 70 శాతం వరకు ఉండవచ్చు.

చిగుళ్ల వాపు ఈ దశలో నయమవుతుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించగా 10–21 రోజుల్లో వాపు వచ్చింది; తిరిగి తోమగానే తగ్గింది. వాపు ముదిరి పెరియోడాంటైటిస్‌గా మారినప్పుడు ర్యాంక్‌ఎల్ ప్రోటీను ప్రభావంతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులు పెరుగుతాయి. సాధారణంగా 1–3 మిల్లీమీటర్లు ఉండే చిగురు సందు లోతెక్కుతుంది. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. పాచి, గార తీశాక అనుబంధంగా ఇచ్చే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ మోతాదు బ్యాక్టీరియాను చంపడానికి కాక, కొలాజెన్‌ను ఛేదించే ఎంజైములను అణచడానికి ఉద్దేశించినది.