ఉద్దానం: ఒకే రూపం, వేర్వేరు మూలాలు

టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా తెలుగు, ఒడియా భాషలు ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో వినిపిస్తాయి. ‘బడి’ అంటే తెలుగులో పాఠశాల. ఒడియాలో పప్పు రుబ్బి, ముద్దలుగా పెట్టి ఎండబెట్టిన వడియం. ఒడియా మాటకు మూలం సంస్కృత ‘వటికా’. అక్కడ వకారం బకారంగా, టకారం డకారంగా మారడంతో రెండు పదాలూ చెవికి ఒకటిగా తోస్తాయి. వడియానికీ చదువుకూ చుట్టరికం వెతికే పరిశోధకుడు ఉండడు. అయితే చరిత్ర తోడు పలుకుతున్నట్టు కనిపించినప్పుడు ఈ జాగ్రత్త సడలుతుంది. ఉద్దానం పేరు విషయంలో అటువంటి ప్రమాదమే ఉంది.

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన తీరభూమి ఉద్దానం. పాళీలోనూ ‘ఉద్దాన’ అన్న పదం ఉంది. వర్గం చివర అందులోని సుత్తాల పేర్లను వరుసగా గుదిగుచ్చి చెప్పే జ్ఞాపక గాథ అది. వంశధార ఒడ్డున సాలిహుండం బౌద్ధక్షేత్రం ఇదే జిల్లాలో ఉంది. ఊరి పేర్లలో బౌద్ధ అవశేషాలను వెతికే అలవాటు మన స్థలనామ పరిశోధనలో బలంగానే ఉన్నది కనుక, ఈ రెండింటినీ ముడిపెట్టాలన్న ఆకర్షణ చిన్నది కాదు.

ధ్వనిసాక్ష్యం దీనికి ఒప్పుకోదు. పాళీ ‘ఉద్దాన’లో ఉన్నది ‘కట్టు’ అనే అర్థం గల ‘దా’ ధాతువు, ‘దామం’లోనూ అదే. తోట అనే అర్థమున్న ‘ఉద్యానం’లో ఉన్నది ‘వెళ్లు’ అనే అర్థం గల ‘యా’ ధాతువు. అంతకన్నా గట్టి సాక్ష్యాన్ని పాళీ భాషే ఇస్తున్నది. అందులో తోటను ‘ఉయ్యాన’ అంటారు, ప్రాకృతంలో ‘ఉజ్జాణ’. అంటే ఆ భాషలు ఈ రెండు పదాలను ఎన్నడూ కలగలపలేదు.

మరి తెలుగులో ‘ద్ద’ ఎక్కడిది? సంస్కృత ‘ద్య’ తెలుగులోకి రెండు దారుల్లో వచ్చింది. ప్రాకృతం మీదుగా వచ్చినచోట ‘జ్జ’ అయింది: వైద్యుడు వెజ్జు అయినట్లు. నేరుగా సంస్కృతం నుంచి వచ్చి తెలుగు నోట నలిగినచోట ‘ద్ద’ అయింది: విద్య విద్దె, పద్యం పద్దెం అయినట్లు. ఉద్యానం ఉద్దానం కావడం ఈ రెండో దారి. ఈ పేరు ప్రాకృతం ద్వారా వచ్చినదే అయితే ‘ఉజ్జానం’ వంటి రూపం ఎదురుపడవలసింది. బౌద్ధయుగపు ప్రాకృత పొరకు దీనిని సాక్ష్యంగా చూపడం అందుకే నిలవదు.

ఇటీవలి దశాబ్దాల్లో పత్రికలు చదివేవారికి ఉద్దానం అనగానే స్ఫురిస్తున్నది తోట కాదు, మూత్రపిండాల వ్యాధి. దీనిని పై సందర్భాలతో కలపరాదు. ఇది రూపసామ్యం కాదు, అర్థపరిణామం. పదం అదే, దాని మీద పడిన బరువు మారింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరిచెట్లను కూల్చిన తరువాత కూడా ఆ నేల పేరు ఉద్దానమే.