చెఱువునీటిలోని సూక్ష్మప్రజ



మా ఓరుగల్లు సీమలో చెఱువుమాట యెత్తినచో కాకతీయులు తలపునకు రాక మానరు. గణపతిదేవుని యేలుబడిలో జగదాళ ముమ్మడి పాకాల చెఱువు కట్టించెను. కట్టించినవాని పేరు శాసనమున కెక్కినది. ఆ నీటిలో కాపురమున్నవాని పేర్లో? బాల్యమున నేను వల్లించిన అమరకోశపు వారివర్గములో చేపలు, తాబేళ్లు, జలగలు కలవు. కంటి కానని ప్రాణులకు నామములు లేవు. అది అమరసింహుని లోపము కాదు, మానవనేత్రపు లోపము.

ఆ లోపము తీర్చినవాడు హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు ల్యూవెన్‌హుక్. ఆ యూరి చేరువ నొక సరస్సు కలదు. వేసవిలో దాని నీరు తెల్లబాఱి, పచ్చని మబ్బుతునుకలవంటివి తేలుచుండెడివి. మంచువలన నట్లగునని పల్లెవారి నమ్మకము. 1674లో నతడు కొంత నీటిని గాజుబుడ్డిలో పట్టి, తాను సానపట్టిన యద్దపుబిళ్లతో చూడగా, అందు లెక్కకు మిక్కిలి ప్రాణులు తిరుగాడుచుండెను. పిమ్మట మిరియపు ఘాటునకు కారణ మేమో యని మిరియములను నీట నానవేసి చూచెను. అందును నట్టి ప్రాణులే! మిరియము మన మలబారు పంట గదా; ఆ కీర్తిలో మనకును కొంత పాలు కలదని నా ముచ్చట.

ఈ ప్రాణులలో నొక తెగకు మేనిపై సన్నని నూగు కలదు. ఆ నూగును శైలిక లందురు. అవి తెడ్లవలె కదలి దేహమును నడపును, ఆహారమును నోటికి చేర్చును. పారమీషియము చెప్పు అడుగువలె నుండును. స్టెంటరు బూరవంటిది. వర్టిసెల్లా కాడపై నిలిచిన గంట. తాకినంతనే కాడ చుట్టచుట్టుకొని ముడుచుకొనును. డెన్మార్కు పండితుడు ముల్లరు ఇట్టి జీవులను వర్ణించిన గ్రంథము అతని మరణానంతరము 1786లో వెలువడెను. మన దేశపు శైలికాజీవులను గూర్చి భాటియా వ్రాసిన సంపుటము 1936లో వెలసెను.

ఒక చెఱువులో వీని తెగ లెన్నియో తేల్చుటకు ముంతెడు నీరు చాలదు. గట్టుచెంత నాచులోనివి వేఱు, నడినీటివి వేఱు, అడుగు బురదలోనివి వేఱు. చెఱువెండినచో కొన్ని తమ చుట్టు గట్టి పొర యల్లుకొని మట్టిలో నిద్రించును. తొలకరి నీరు సోకగానే పొర విప్పి యీదును. మీరు పొలమునకు తోలించు చెఱువుమట్టిలో నట్టి నిద్రితు లెందఱో! కావున లెక్క యేడాది పొడవునను సాగవలెను.

ఇది వట్టి వేడుక కాదు. మురుగు చేరిన నీట బాక్టీరియా పెరుగును. వానిని తిను తెగలు పెచ్చుపెరుగును. తేటనీటి తెగలు తొలగును. నీటి ప్రాణులనుబట్టి నీటి మాలిన్యమును గుర్తించు పద్ధతిని కోల్క్విట్జు, మార్సను అను జర్మను పండితులు 1909లో ప్రకటించిరి. వెనుక మన పట్వారి చెఱువు క్రింది మడులను ఏటేట పహాణీలో నెక్కించెడివాడు. చెఱువులోని యీ ప్రజకును అట్టి పుస్తక మొకటి యుండినచో, మురుగు ఏ యేట ఏ తూమువైపు చేరెనో మీ మనుమలు చదువుకొందురు.