ప్రిన్స్ హాల్ మేసన్లు: గుర్తింపు కోసం రెండు శతాబ్దాలు

హైదరాబాదులో గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్లనే సోదర సంఘంవాళ్ల లాడ్జి (శాఖ) అని మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. మనవైపు ఆ పేరు వింటే గుర్తొచ్చేది రహస్య సంకేతాలే. నేను స్థిరపడిన మసాచుసెట్స్‌లో మాత్రం మేసన్ల కథ చెప్పాలంటే వర్ణవివక్ష గురించి చెప్పక తప్పదు.

ప్రిన్స్ హాల్ (ప్రిన్స్ ఆయన పేరే, బిరుదు కాదు) బోస్టన్‌లో తోలుపని చేసుకుని బతికిన స్వతంత్ర నల్లజాతీయుడు. 1770లలో ఆయనకూ మరికొందరికీ దీక్ష ఇచ్చింది బ్రిటిష్ సైనికుల లాడ్జి. సైన్యం వెళ్లిపోయాక వీళ్లు సమావేశం కావచ్చు, చనిపోయిన సోదరుణ్ణి లాంఛనంగా పూడ్చుకోవచ్చు. కొత్తవారిని చేర్చుకునే అధికారం లేదు. దాంతో హాల్ లాడ్జిల మీద అధికారం ఉన్న లండన్ గ్రాండ్ లాడ్జికే అర్జీ పెట్టాడు. 1784లో మంజూరైన అధికారపత్రం 1787లో బోస్టన్ చేరింది. అలా ఆఫ్రికన్ లాడ్జి 459 నిలబడింది. మరుసటేడు బోస్టన్ నల్లవాళ్లను కొందరు మోసగించి ఓడెక్కించి బానిసలుగా అమ్మబోతే, హాల్ శాసనసభకు అర్జీ పెట్టాడు. ఆ ఏడే మసాచుసెట్స్‌లో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఇంగ్లండులో పోటీపడుతున్న రెండు గ్రాండ్ లాడ్జిలు 1813లో ఒకటైనప్పుడు ఆఫ్రికన్ లాడ్జి పేరు జాబితాలోంచి పోయింది. 1827లో అది స్వతంత్రం ప్రకటించుకుంది, తర్వాత హాల్ పేరు పెట్టుకుంది. ఇక తెల్లవాళ్ల గ్రాండ్ లాడ్జిలకు ఒక సాకు దొరికింది: ఒక రాష్ట్రానికి ఒకే గ్రాండ్ లాడ్జి ఉండాలి, రెండోది దొంగ లాడ్జి. వినడానికి అది నిబంధనే. కానీ తమ లాడ్జిలోకి రావాలనుకున్న నల్లవాణ్ణి, రహస్య ఓటులో వద్దంటూ ఒక్క నల్లగోళీ పడితే చాలు, తిప్పి పంపగలిగేవాళ్లు. లోపలికి రానివ్వరు, బయట పెట్టుకుంటే చెల్లదంటారు. ఇది నిబంధన ముసుగులో వర్ణద్వేషమేనని నా నమ్మకం.

ఎదురు నిలిచిన తెల్లవాళ్లూ లేకపోలేదు. 1898లో వాషింగ్టన్ రాష్ట్ర గ్రాండ్ లాడ్జి విలియం అప్టన్ నాయకత్వంలో నల్ల మేసన్ల చట్టబద్ధతను ఒప్పుకుంది. పలు రాష్ట్రాల గ్రాండ్ లాడ్జిలు దానితో సంబంధాలు తెంచుకున్నాయి. మరుసటేడు వెనక్కి తగ్గక తప్పలేదు. నల్ల, తెల్ల మేసన్లు సోదరులుగా తన సమాధి దగ్గర నిలబడే రోజు వచ్చేదాకా దానిమీద రాయి పెట్టవద్దని అప్టన్ కోరాడు. 1906లో పోయాడు. రాయి నిలిచింది 1991లో.

1989లో కనెక్టికట్ గ్రాండ్ లాడ్జి మొదలుపెట్టాక గుర్తింపులు వరసగా వచ్చాయి. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి 1994లో మసాచుసెట్స్ ప్రిన్స్ హాల్ గ్రాండ్ లాడ్జిని గుర్తించింది. అలబామాకు 2017 దాకా పట్టింది. ఈలోగా ఈ 'చెల్లని' లాడ్జిలవాళ్లే పౌరహక్కుల పోరాటానికి డబ్బూ చోటూ ఇచ్చారు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన థర్గుడ్ మార్షల్ వీళ్లలో ఒకడు.

పిల్లల దగ్గరికి బోస్టన్ వచ్చే పెద్దలు హార్వర్డ్ చూసి వెళ్లిపోతుంటారు. నార్త్ ఎండ్‌లోని కాప్స్ హిల్ శ్మశానానికీ వెళ్లండి, ప్రిన్స్ హాల్ సమాధి అక్కడుంది.