బోలు బుర్ర, మునగాల నీడ

బుర్రకథకు ఆ పేరు తెచ్చిన బుర్ర కథకుని భుజాన ఆనే తంబురాయే. ఎండిన సొరకాయనో, తొలిచిన కొయ్యనో కుండగా చేసి, పొడవాటి దండి అమర్చి తీగెలు బిగించిన ఈ వాద్యానికి లోపలి బోలుతనమే ప్రాణం, ఎందుకంటే తీగె అదురును పెంచి జనానికి వినిపించేది ఆ ఖాళీయే. ఇదే బోలుతనం విద్యుత్ వాద్యంలో చిక్కు తెస్తుంది: 1958లో గిబ్సన్ సంస్థ తన ఈఎస్-335 విద్యుత్ గిటారును సగమే బోలుగా ఉంచి, నడుమ కొయ్యదిమ్మె పెట్టింది లౌడ్‌స్పీకరు వల్ల పుట్టే ఊళను అణచడానికి. రచ్చబండ మీది తంబురాకు ఆ బెడద లేదు, సొరబుర్రకు పెద్ద ఖర్చూ లేదు.

కథకుడు బొటనవేలికి తొడిగిన అందెను, అంటే లోపల గుండ్లున్న లోహపు కడియాన్ని, మోగిస్తుంటే, ఇరుపక్కల వంతలు, అంటే వంతపాటగాళ్లు, మట్టితో చేసిన గుమ్మెటలు వాయిస్తూ, ఒకరు రాజకీయం, మరొకరు హాస్యం చెప్పేవారు.

ఈ కళ రాజకీయ రూపం దాల్చిన కాలంలో, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నిజాం ఏలుబడిలోని నల్లగొండ జిల్లాలో ఉండగా, కోదాడ పక్కనున్న మునగాల పరగణా మాత్రం ఆ రాజ్యం నడుమ ద్వీపంలా మిగిలిన బ్రిటిష్ కృష్ణా జిల్లా భూభాగం. సరిహద్దుకు ఆవల, బ్రిటిష్ ఆంధ్రలో, 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి అనే కళాసంస్థ షేక్ నాజర్ వంటి కళాకారులతో, పురాణాలూ వీరగాథలూ పాడిన జంగం కథ అనే ఈ బుర్రకథను వర్తమాన రాజకీయానికి మలచింది. ఈవల, నల్లగొండ జిల్లాకే చెందిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే పశుకాపరుల కళారూపాన్ని తెలంగాణ సాయుధ పోరాటానికి పనిముట్టు చేశాడు. మునగాల 1959లో నల్లగొండలో కలిసి, 2016 నుంచి సూర్యాపేట జిల్లాలో ఉంది.