ఆరుగురి ఆట నుంచి ఎనిమిది వరుస స్వర్ణాల దాకా: అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ జట్టు

అమెరికా మహిళల జాతీయ బాస్కెట్‌బాల్ జట్టు 2024 నాటికి 10 ఒలింపిక్ స్వర్ణాలు, 11 ప్రపంచ టైటిళ్లు గెలిచింది. 1996 నుంచి ఒలింపిక్స్‌లో స్వర్ణం తప్ప వేరే పతకంతో ఆ జట్టు తిరిగి వచ్చింది లేదు. ఈ లెక్క చూస్తే అది మొదటి నుంచీ ఎదురులేని జట్టే అనిపిస్తుంది. కానీ 1960లలో, 1970ల మొదటి సగంలో ప్రపంచ పోటీల్లో దానికి పతకమే దక్కలేదు. క్రీడాకారిణుల ప్రతిభకు అప్పుడూ కొదవ లేదు. ఆ ప్రతిభకు తగిన నియమాలు, డబ్బు, సాధనకు సమయం దేశం ఎప్పుడు సమకూర్చిందో అప్పుడే జట్టు నిలదొక్కుకుంది.

జేమ్స్ నైస్మిత్ 1891లో మాసచూసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను రూపొందించాడు. మరుసటి ఏడాదే దగ్గర్లోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ దాన్ని విద్యార్థినులకు నేర్పింది. ఎక్కువ పరుగు, ఒరిపిడి ఆడవారి ఒంటికి మంచివి కావన్న ఆనాటి నమ్మకానికి తగ్గట్టుగా ఆమె కోర్టును భాగాలుగా విభజించి, ఎవరి భాగంలో వారే ఆడాలన్న నియమం పెట్టింది. అదే తరువాత ఆరుగురి ఆటగా స్థిరపడింది. ముగ్గురు ఫార్వర్డ్‌లు బాస్కెట్ వేయడానికి, ముగ్గురు గార్డ్‌లు అడ్డుకోవడానికి. కోర్టు మధ్య గీత దాటే వీలు ఇరువైపులవారికీ లేదు. డ్రిబ్లింగ్‌కు కూడా హద్దులుండేవి.

అంతర్జాతీయ పోటీల్లో మాత్రం మహిళలదీ ఐదుగురి ఆటే, కోర్టు మొత్తం పరుగెత్తాల్సిందే. మొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ 1953లో చిలీ రాజధాని శాంటియాగోలో జరిగింది. ఫైనల్లో అమెరికా 49–36తో ఆతిథ్య జట్టును ఓడించింది. 1957లో రియో డి జనీరోలో సోవియట్ యూనియన్‌పై 51–48తో నెగ్గి టైటిల్ నిలబెట్టుకుంది. టెనెసీకి చెందిన నెరా వైట్ ఆ తరంలో మేటి క్రీడాకారిణి. ఆనాడు ఆటకు అండగా నిలిచినవి కొన్ని వ్యాపార సంస్థల జట్లు, నాష్‌విల్ బిజినెస్ కాలేజ్ వంటి క్లబ్బులు, టెక్సస్‌లోని వేలాండ్ బాప్టిస్ట్ వంటి ఒకటి రెండు కళాశాలలు. వేలాండ్ జట్టు 1953–58 మధ్య వరుసగా 131 మ్యాచ్‌లు గెలిచింది. అయితే ఇంత చిన్న పునాది మీద జాతీయ జట్టు ఎంతో కాలం నిలవలేకపోయింది.

1959 నుంచి సోవియట్ శకం మొదలైంది. ఏడాది పొడవునా కలిసి సాధన చేసే ఆ జట్టు 1959, 1964, 1967, 1971, 1975 ప్రపంచ టైటిళ్లను వరుసగా గెలిచింది. దాదాపు 7 అడుగుల ఎత్తున్న లాత్వియా క్రీడాకారిణి ఉల్యానా సెమ్యొనోవాను దాటి బాస్కెట్ వేయడం ప్రత్యర్థులకు గగనమయ్యేది. ఇంట్లో సగం కోర్టు ఆట ఆడి, బయట పూర్తి కోర్టు ఆటకు సిద్ధపడాల్సిన అమెరికా జట్టు 1964లో నాలుగో స్థానంలో, 1967లో 11వ స్థానంలో నిలిచింది. 1971లో, 1975లో ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకుంది.

మార్పు ఇంటి నుంచే రావాల్సి వచ్చింది, వచ్చింది కూడా. 1971లో అమెరికా కళాశాలలు మహిళలకు ఐదుగురి ఆటను స్వీకరించాయి. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్ష చెల్లదని అది చెప్పింది. దాంతో అమ్మాయిల జట్లకు కోచ్‌లు, జిమ్‌లు, క్రమంగా స్కాలర్‌షిప్‌లు అందాయి. చట్టం పాఠశాలల్లో, కళాశాలల్లో వేళ్లూనుకోవడానికి పదేళ్లు పట్టినా, అంతర్జాతీయ వేదికపై తొలి ఫలితం త్వరగానే కనబడింది.

పురుషుల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లో చేరిన 40 ఏళ్లకు, 1976 మాంట్రియల్ క్రీడల్లో మహిళలకూ చోటు దక్కింది. బిల్లీ మూర్ కోచ్‌గా వచ్చిన అమెరికా జట్టులో లూసియా హారిస్, యాన్ మేయర్స్, పాట్ హెడ్, 18 ఏళ్ల నాన్సీ లీబర్‌మన్ ఉన్నారు. ఒలింపిక్ మహిళల బాస్కెట్‌బాల్‌లో మొట్టమొదటి పాయింట్లు సాధించింది హారిసే. ఆ జట్టు సోవియట్‌ల చేతిలో 112–77తో ఓడినా రజతం అందుకుంది. 1979లో సియోల్‌లో, సోవియట్ జట్టు రాని ప్రపంచ చాంపియన్‌షిప్‌ను గెలిచింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌కు అర్హత సాధించినా, అమెరికా బహిష్కరణ వల్ల వెళ్లలేకపోయింది. 1983 ప్రపంచ ఫైనల్లో సోవియట్‌లు 84–82తో గట్టెక్కారు. ఏడేళ్లలో 35 పాయింట్ల తేడా రెండు పాయింట్లకు దిగింది.

1984 లాస్ ఏంజెలెస్ క్రీడలకు సోవియట్‌లు రాలేదు. షెరిల్ మిల్లర్ ముందుండి నడిపిన అమెరికా, ఫైనల్లో దక్షిణ కొరియాను 85–55తో ఓడించి తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. మాంట్రియల్‌లో ఆడిన పాట్ హెడ్, పెళ్లి తరువాత పాట్ సమ్మిట్‌గా ఆ జట్టుకు కోచ్. అసలు ప్రత్యర్థి లేని గెలుపన్న వెలితి రెండేళ్లలో తీరింది. 1986లో, అదీ మాస్కోలోనే, కే యౌ శిక్షణలో అమెరికా సోవియట్ జట్టును రెండుసార్లు ఓడించింది: గుడ్‌విల్ క్రీడల్లో 83–60తో, ప్రపంచ ఫైనల్లో 108–88తో. 1988 సియోల్ ఒలింపిక్ సెమీఫైనల్లోనూ అదే ఫలితం. ఆపై యుగొస్లావియాపై 77–70తో రెండో స్వర్ణం వచ్చింది. 1990లో కౌలాలంపూర్‌లో ప్రపంచ టైటిల్ కూడా నిలిచింది.

ఆ వెంటనే రెండు దెబ్బలు తగిలాయి. 1992 బార్సిలోనా సెమీఫైనల్లో, విడిపోయిన సోవియట్ రిపబ్లిక్‌ల ఉమ్మడి జట్టు 79–73తో అమెరికాను ఓడించింది. 1994 ప్రపంచ సెమీఫైనల్లో హొర్టెన్సియా, పౌలాల బ్రెజిల్ 110–107తో నెగ్గింది. రెండు చోట్లా మిగిలింది కాంస్యమే. అప్పటికి అమెరికాలో మహిళలకు వృత్తిపరమైన లీగ్ లేదు. కళాశాల చదువు ముగిస్తే ఆడడానికి ఇటలీకో, జపాన్‌కో వెళ్లాలి. జాతీయ జట్టు పోటీలకు కొద్ది వారాల ముందు మాత్రమే ఒకచోట చేరేది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి 1995లో కొత్త ఏర్పాటు జరిగింది. కోచ్ టారా వాన్‌డెర్వీర్ కింద ఒక జట్టును ఎంపిక చేసి, జీతాలిచ్చి, ఏడాది పాటు కలిపి ఉంచారు. థెరెసా ఎడ్వర్డ్స్, లీసా లెస్లీ, షెరిల్ స్వూప్స్, డాన్ స్టేలీ ఉన్న ఆ బృందం ఖండాలు దాటి తిరిగి 52 సన్నాహక మ్యాచ్‌లు ఆడింది, అన్నీ గెలిచింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మరో ఎనిమిది. దాదాపు 33 వేల మంది ప్రేక్షకుల ముందు జరిగిన ఫైనల్లో బ్రెజిల్‌ను 111–87తో ఓడించింది. ఆ ఆదరణ వృత్తి లీగ్‌లకు ఊతమైంది. 1996లో ఏబీఎల్, 1997లో డబ్ల్యూఎన్‌బీఏ మొదలయ్యాయి. మొదటిది రెండేళ్లకు మూతపడింది, రెండోది నిలబడింది.

తరువాతి కథ ఎక్కువగా కొనసాగింపే. 2000, 2004, 2008 ఒలింపిక్ ఫైనళ్లలో మూడుసార్లూ ఎదురైంది లారెన్ జాక్సన్ ఆడిన ఆస్ట్రేలియానే, మూడుసార్లూ అమెరికానే నెగ్గింది. మధ్యలో 2006 ప్రపంచ సెమీఫైనల్లో రష్యా 75–68తో ఆపింది. అప్పటి నుంచి 2022 వరకు అమెరికా ప్రపంచ పోటీల్లో మళ్లీ ఓడలేదు. జెనో ఆరియెమా శిక్షణలో 2010, 2014 టైటిళ్లు, లండన్, రియో స్వర్ణాలు వచ్చాయి. తరువాత టోక్యో ఒలింపిక్స్‌లో స్టేలీ కోచ్‌గా విజయం సాధించింది. సూ బర్డ్‌కు అక్కడ ఐదో స్వర్ణం, డయానా టౌరసీకి 2024లో ఆరో స్వర్ణం దక్కాయి. అయిదారు ఒలింపిక్స్ ఆడిన క్రీడాకారిణులు ఒక తరం మెళకువలను మరో తరానికి అందించడం ఈ జట్టుకు పెద్ద బలం.

ఈలోగా అమెరికా కట్టుకున్న వ్యవస్థ మిగతా దేశాలకూ బడి అయింది. అక్కడి కళాశాలల్లో, డబ్ల్యూఎన్‌బీఏలో ఇతర దేశాల క్రీడాకారిణులు రాటుదేలారు. ఆ ఫలితం 2024 ఆగస్టు 11న పారిస్ ఫైనల్లో కనబడింది. మూడో క్వార్టర్‌లో ఫ్రాన్స్ 10 పాయింట్ల ఆధిక్యంలోకి వెళ్లింది. అయ్జా విల్సన్ 21 పాయింట్లతో అమెరికాను తిరిగి నిలబెట్టింది. చివరి క్షణంలో ఫ్రాన్స్ తరఫున గాబీ విలియమ్స్ దూరం నుంచి వేసిన బంతి బాస్కెట్‌లో పడింది. కానీ ఆమె పాదం మూడు పాయింట్ల గీతపై ఉండటంతో రెండే పాయింట్లు లెక్కకొచ్చాయి. అమెరికా 67–66తో వరుసగా ఎనిమిదో స్వర్ణం గెలిచింది. 1992 కాంస్య మ్యాచ్‌తో మొదలైన ఒలింపిక్ విజయాల వరుస 61కి చేరింది. ఆ ఆఖరి షాట్ వేసిన విలియమ్స్ పుట్టింది అమెరికాలోని నెవాడాలో, ఆట నేర్చింది ఆరియెమా వద్ద, కనెటికట్ విశ్వవిద్యాలయంలో.